కబేళాలో జోలపాట

కబేళాలో కొత్తగా చేరినవాడికి మొదట నేర్పే మాట ఒకటుంది. బతికున్నదాన్ని నమ్ము, చచ్చినదాన్ని నమ్మకు. బతికున్న దున్న ఏం చేయబోతోందో దాని చెవులు చూస్తే తెలిసిపోతుంది. స్పృహ తప్పించే తుపాకీ దెబ్బ తలమీద తిని, వెనక్కాలికి గొలుసు తగిలించుకుని తలకిందులుగా వేలాడే దున్న మాత్రం ఎవరికీ ఏమీ చెప్పదు. స్పృహ పోయినా దాని నరాల్లో విసురు పోదు.

ఈ మాట ఎందరికో నేర్పినవాడే ఆ ఉదయం మరిచిపోయాడు. గొంతు కోయడానికి ఒక అడుగు ముందుకు వేసి కత్తి ఎత్తాడో లేదో, వేలాడుతున్న దున్న ముందుకాలు గాల్లోంచి వచ్చి డొక్కలో తగిలింది. ఎండుకొమ్మ విరిగినట్టు వచ్చిన చప్పుడు మెషిన్ల హోరులో కూడా పక్కవాళ్లకు వినపడింది. అతను నెత్తురు మడుగులో కూలబడి, ఆ నెత్తురు తనదో దానిదో తెలియక రెండు చేతులతో నేలంతా తడిమాడు.

అక్కడ అతన్ని పిడికిలి అంటారు. మీసాలు రాకముందే తండ్రి పక్కన నిలబడి కత్తి పట్టినవాడు. పట్టి పట్టి కుడిచేతి వేళ్లు బిగుసుకుపోయి, చేతిలో ఏమీ లేనప్పుడు కూడా కనపడని పిడి ఏదో ఉన్నట్టే ముడుచుకుని ఉంటాయి. "మా ఆయన నీళ్ల గ్లాసు పట్టుకున్నా దాని పీక పట్టుకున్నట్టే ఉంటుంది" అనేది భార్య. ఆ పేరుకు ఇంకో కారణం కూడా ఉంది. మాట కంటే ముందు చెయ్యి లేచే మనిషి. తూకాల దగ్గర గుమస్తా పన్ను ఒకటి, పక్కవీధి డ్రైవరు ముక్కు ఒకటి అతని ఖాతాలోనే ఉన్నాయి.

ఆస్పత్రిలో పక్కటెముకల మధ్య చిల్లు పెట్టి గొట్టం దూర్చారు. ఎముక గుచ్చుకుని ఒక ఊపిరితిత్తి తడిగుడ్డలా ముడుచుకుపోయిందనీ, అది మళ్లీ నిండుగా సాగకపోతే కత్తి పనికి పనికిరాడనీ చెప్పి, ఒక ప్లాస్టిక్ పరికరం చేతిలో పెట్టి పంపించారు. గొట్టంలోంచి గాలి పీలిస్తే లోపల రంగు బంతులు లేవాలి. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని పీల్చాడు. బంతి కదిలి ఊరుకుంది. మళ్లీ పీల్చాడు. దగ్గు వచ్చింది, దగ్గుతో పాటు ఎముకల్లో మేకులు దిగినట్టు నొప్పి వచ్చింది. పరికరాన్ని తీసి గోడకేసి కొట్టాడు. బంతులు గదంతా దొర్లాయి.

ఒకటి గుమ్మం దాటి వంటింట్లోకి పోయింది. దాన్ని చేత్తో పట్టుకుని అత్తగారు వచ్చింది.

"బంతి లేవకపోతే గోడకు కొడతారా అల్లుడు గారూ? గోడేం పాపం చేసింది?"

ఆవిడ మామూలుగా అతన్ని నువ్వనే అంటుంది. గారు, మీరు తగిలించిందంటే వాత పెట్టబోతోందని ఇంట్లో అందరికీ తెలుసు. కూతురి దగ్గరే ఉంటోంది. చిన్నప్పుడు ఊరూరా తిరిగే నాటక కంపెనీలో తెర వెనక కూర్చుని వేణువు వాయించేది. ఆవిడ కొడుకు, అంటే పిడికిలి బామ్మర్ది, పుట్టింది ఆ తిరుగుడులోనే. రాజుల కిరీటాలు పెట్టే ట్రంకుపెట్టెలో వాణ్ణి పడుకోబెట్టి, ఆట మధ్యలో వాడు ఏడవకుండా రంగం మారేటప్పుడల్లా ఒక చిన్న జోల ఊదేది. ఎవరూ నేర్పింది కాదు, వాడి కోసం తనే కట్టుకున్నది. ఉయ్యాల్లోని మనవడికీ ఇప్పుడు అదే ఊదుతోంది.

బంతిని కొంగున వేసుకుని, "ఇది నీతో అయ్యేది కాదు. నీకు చప్పుడు చేసేది కావాలి. ఊపిరి నేను నేర్పిస్తా. బదులు నాకొకటి కావాలి" అంది.

"ఏంటత్తయ్యా?"

"నువ్వు మళ్లీ పనిలోకి పోతావు కదా. నా కొడుకు ఆ కబేళాలో తుపాకీ పట్టుకుని దున్నల పెట్టె దగ్గర నిలబడ్డంత కాలం నీ కళ్లు వాడి మీదుండాలి. వాడికి నోరెక్కువ, చూపు తక్కువ."

"అడగాలా? వాడు నాకు తమ్ముడి లాంటోడు."

"లాంటోడే కదా. తమ్ముడైతే నేను అడిగేదాన్నే కాదు."

మొదటి రోజు వెదురుగొట్టం చేతికిచ్చి ఊదమంది. పిడికిలి బుగ్గలు బూరెల్లా పొంగించి, కళ్లు మూసుకుని, ఉన్న ఊపిరంతా దాంట్లోకి తోశాడు. స్వరం లేదు సరికదా, ఈల కూడా రాలేదు. బామ్మర్ది నేలమీద పడి నవ్వాడు.

"అమ్మా, బావ చర్మం ఒలుస్తున్నాడే!"

నిజంగా అదే చేస్తున్నాడు. మేక కాలి దగ్గర చిన్న గాటు పెట్టి, అక్కడ నోరు ఆనించి ఊదితే, గాలి చర్మం కింద పాకి మాంసం నుంచి దాన్ని విడదీస్తుంది. చిన్నతనంలో తండ్రి అతనికి అప్పగించిన మొదటి పని అదే. మేక నిండుగా ఉబ్బేదాకా ఊదేవాడు. ఊదడమంటే అతని ఒంటికి తెలిసింది అదొక్కటే.

"అది మేక కాలు కాదు నాయనా," అంది అత్తగారు. "దాన్ని ఉబ్బించక్కర్లేదు. బుగ్గలు లోపలికి తియ్. వేడి పాలు చల్లార్చేటప్పుడు ఎలా ఊదుతావు? అంత చాలు. గాలి సగం లోపలికి, సగం బయటికి పోవాలి. ఆ అంచు మీద చీలాలి."

పెదవుల సందు చిన్నదయ్యేసరికి ఎక్కడినుంచో ఒక సన్నని స్వరం వచ్చి, ఉలిక్కిపడ్డట్టు ఆగిపోయింది. దానికోసం ఆవురావురుమని మళ్లీ మళ్లీ ఊదాడు. కళ్లముందు మిణుగురులు తిరిగాయి, మూతి చుట్టూ తిమ్మిరెక్కింది, గోడ పట్టుకుని కూర్చున్నాడు. లోపలికి తీసుకునే దానికంటే ఎక్కువ బయటికి తోసేస్తే అలాగే అవుతుందని, తల తేలికైన వెంటనే గొట్టం కిందపెట్టి మామూలుగా ఊపిరి తీసుకోవాలని ఆవిడ చెప్పింది. కాసేపే ఊదు, ఆగు, మళ్లీ కాసేపు ఊదు. ఒక్కసారిగా కుండెడు నీళ్లు తాగి వారమంతా దాహం లేకుండా ఉంటావా?

చేతుల గొడవ దానికంటే పెద్దది. వేణువును కత్తిలా పట్టేవాడు. ఒకసారి స్వరం రాలేదన్న కోపంలో పట్టు బిగిస్తే వెదురు నిలువునా చీలి, పేడు అరచేతిలో దిగింది. గాయానికి అత్తగారే కట్టు కట్టింది. రెండో వేణువు ఇస్తూ, "దీన్ని కూడా చంపేస్తారా అల్లుడు గారూ?" అంది. వేళ్ల కొసలతో కాదు, మెత్తటి కండతో చిల్లులు మూయమనేది. భుజం చెవి దగ్గరికి లేస్తే చెక్క గరిటెతో దానిమీద ఒక్కటిచ్చేది. "భుజం దించు. భుజంతో ఊదుతారా ఎవరైనా? పొట్టతో ఊదు." ఎడమ మణికట్టు గుంజినా, మెడ పట్టేసినా, నొప్పి పెరిగేదాకా ఓర్చుకోవడం మగతనం కాదు, మూర్ఖత్వం అనేది.

పాటలు నేర్పమంటే నేర్పేది కాదు. ఒకే స్వరం, సన్నగా, వణకకుండా, ఊపిరి ఉన్నంతసేపు. దీర్ఘస్వరం. "ఇదే నీ పాట" అనేది. విసుగెత్తి అతను దొంగతనంగా ఆవిడ మనవడికి ఊదే జోల విని విని పట్టేశాడు.

తిరిగి పనిలోకి తీసుకున్నారు గానీ కత్తి ఇవ్వలేదు. దున్నల దొడ్లో పెట్టారు. లారీల్లోంచి దింపి, దొడ్డి నుంచి ఇనుప కమ్మీల సందులోకి, సందు చివర పెట్టెలోకి తోలాలి. పెట్టె పక్కన అరుగు మీద బామ్మర్ది తుపాకీతో నిలబడతాడు. కత్తి పనివాడికి ఇది దిగజారుడు. అదీగాక, ఇన్నేళ్లూ అతని దగ్గరికి వచ్చినవి స్పృహ లేనివే. ఇప్పుడు స్పృహ ఉన్నవాటిని చూస్తున్నాడు. తోకలు మెలిపెట్టడం, కళ్ల మీద కర్రలతో బాదడం, కరెంటు కర్ర పొడవకూడని చోట పొడవడం. సందులో జారిపడి కాలు విరిగినదాన్ని వెనకవి తొక్కుకుంటూ పోవడం.

మధ్యాహ్నం పని ఆగినప్పుడు దొడ్డి గోడ నీడలో కూర్చుని వేణువు తీసేవాడు. దీర్ఘస్వరం కాసేపు ఊది, విసుగొచ్చి జోలలోకి జారుకునేవాడు. ఒకరోజు కళ్లు తెరిచేసరికి దొడ్డిలోని దున్నలన్నీ కమ్మీల దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాయి. చెవులు ముందుకు, తలలు కిందికి. ఒకటి అతని మోకాలి దగ్గర వెచ్చగా ఊపిరి వదిలింది.

"దున్నపోతు మీద వాన కురిసినట్టు అన్న వెధవ ఎవడో గానీ బావా," బామ్మర్ది టీ తాగుతూ అన్నాడు, "వాడు దున్నల్ని చూసుండడు. ఇవి నీకు అభిమాన సంఘం పెట్టేలా ఉన్నాయి."

సూపర్‌వైజరు కూడా చూశాడు. మర్నాడు సందు చివర, పెట్టె పక్కన స్టూలు వేయించాడు. "కర్రలు పక్కన పెట్టండ్రా. నువ్వు ఊదు."

ఊదాడు. దున్నలు వరసగా, తోసుకోకుండా, జోల వెంట నడిచి పెట్టెలోకి వచ్చాయి. జోల ఆఖరి మెలిక దగ్గరికి వచ్చేసరికి పైనుంచి తుపాకీ పేలేది. పక్క తలుపు లేచేది, ఒళ్లు దొర్లేది. మళ్లీ మొదటినుంచి. బెదిరినదాని మాంసం నల్లబడి గట్టిపడుతుంది, ఇప్పుడు అంతా ఎర్రగా మెత్తగా వస్తోందని సూపర్‌వైజరు అతని వీపు తట్టాడు. పిడికిలి ఊపిరి రోజురోజుకూ సాగింది. ఒక దున్న సందంతా నడిచే దాకా జోల ఒకే గుక్కలో రావడం మొదలైంది. పెదవికి అలవాటైపోయింది, మెడ నొప్పి పోయింది. వేళ్లకు అంటిన కొవ్వు వల్ల చిల్లులు కూడా బాగా మూసుకునేవి. ఎవరినీ కొట్టకుండా ఇంటికి వెళ్తున్నానని, పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారని అతనికి లోలోపల గర్వం కూడా కలిగింది.

బామ్మర్దికి నోరెక్కువ కదా. ఒక సాయంత్రం అన్నం తింటూ ఆ గొప్పంతా తల్లికి చెప్పేశాడు. "నా జోల అమ్మా! చిన్నప్పుడు నాకు ఊదేదానివి చూడు, అదే. ఆ చివరి మెలిక రాగానే నేను ఢాం!"

అత్తగారి చేతిలో ఇత్తడి గ్లాసుంది. అది వచ్చి పిడికిలి కనుబొమ్మ మీద తగిలింది. నెత్తురు కంట్లోకి కారింది. భార్య కేక పెట్టి గుడ్డ కోసం పరుగెత్తింది. పిడికిలి చెయ్యి అలవాటుగా లేచి, లేచినచోటే ఆగిపోయింది.

"నాపైన చెయ్యెత్తుతారా అల్లుడు గారూ? ఎత్తండి. అదే మీకు తెలిసిన విద్య."

"కర్రలతో బాదేవాళ్లు అత్తయ్యా," అన్నాడతను కన్ను తుడుచుకుంటూ. "తోకలు విరిచేవాళ్లు. ఇప్పుడు ఒక్కటి కూడా దెబ్బ తినట్లేదు. మీరొచ్చి చూడండి, తర్వాత తిట్టండి."

"కొట్టి తోలితే దానికి తెలుస్తుంది ఎక్కడికి పోతోందో. ఎదురు తిరుగుతుంది, పొడుస్తుంది, కనీసం అరుస్తుంది. నువ్వు జోల పాడి తీసుకుపోతున్నావు. అది నమ్మి వస్తోంది."

ఆ తర్వాత ఆవిడ అతనికి ఏమీ నేర్పలేదు. వేణువు మాత్రం లాక్కోలేదు. గరిటె దెబ్బ లేకపోయేసరికి కొన్నాళ్లకే అతని భుజం మళ్లీ చెవి దగ్గరికి లేచింది.

ఇంకో సంగతి అతను గమనించనే లేదు. దున్నలు అణిగిమణిగి వస్తుంటే మనుషులకు భయం పోయింది. బామ్మర్ది అరుగు అంచున అడ్డంగా ఉండే గొలుసు తగిలించడం మానేశాడు. సందు తలుపు ఇరుక్కుంటే పైనుంచి కొక్కెంతో లాగాల్సింది పోయి, లోపలికి దిగి కాలితో తన్నేవాడు. దున్నల వీపులు చరుస్తూ, "జరగండమ్మా, జరగండి, బస్సులో చోటుంది" అనేవాడు. పిడికిలి కళ్లు మూసుకుని ఊదుతూ ఉండేవాడు. కళ్లు మూస్తే గాని జోల సరిగ్గా రాదు.

ఆరోజు తలుపు సగంలో ఇరుక్కుంది. బామ్మర్ది తుపాకీ అరుగు మీద పెట్టి సందులోకి దిగాడు. తలుపును రెండు తన్నులు తన్నాడు. మూడో తన్నుకు పైన కప్పీ తాడు తెగి, తలుపు ఇనుప పలక ధడాలున పడి ముందున్న దున్న ముట్టెను చీల్చేసింది. అది చేసిన అరుపుకు పిడికిలి కళ్లు తెరిచాడు.

దున్న వెనక్కి తిరగడానికి చోటు లేదు. అయినా తిరిగింది. తిరగబోయి అడ్డంగా ఇరుక్కుంది, దాని భుజానికీ కమ్మీలకూ మధ్య బామ్మర్ది. వాడి ఎడమచెయ్యి కమ్మీల మధ్యలోంచి బయటికి వచ్చి, వంగకూడని వైపు వంగి, ఎముక తెల్లగా కనపడింది. వెనక ఉన్నవి నెత్తురు వాసనకు బెదిరి ముందుకు తోశాయి. తోసినప్పుడల్లా వాడి నోట్లోంచి గాలి బయటికి వస్తోంది, లోపలికి మాత్రం పోవడం లేదు. దొడ్డిలోని వాళ్లు కర్రలతో పరుగెత్తుకొచ్చి దున్న తలమీద, కళ్ల మీద బాదడం మొదలుపెట్టారు. ఒకడు కరెంటు కర్ర పెట్టాడు. అది ఎగిరి ఇంకా గట్టిగా ఒత్తింది. బామ్మర్ది పక్కటెముకలు విరిగిన చప్పుడు పిడికిలికి బాగా తెలిసిన చప్పుడే.

"ఆపండ్రా! కొట్టొద్దు, ఆపండి!"

పిడికిలి కరెంటు కర్రను ఆ మనిషి చేతిలోంచి గుంజి విసిరేశాడు. తుపాకీతో కొడితే దున్న మొత్తం బరువుతో బామ్మర్ది మీదే కూలుతుంది. వేణువు పెదవికి ఆనించి జోల ఎత్తుకున్నాడు. వెనకవాటి చెవులు కదిలాయి. తోపు తగ్గింది.

బామ్మర్ది కళ్లు తెరిచాడు. ఇనుప కమ్మీల మధ్య నుంచి, దున్నలు చూసే చోటి నుంచి, అతన్ని చూశాడు. జోల ఆఖరి మెలిక వైపు వెళ్తోంది.

"వద్దు బావా..." వాడి గొంతు గొంతులా లేదు. "అది ఊదకు. అది ఊదొద్దు బావా..." ఉన్న కాస్త ఊపిరీ ఖర్చుపెట్టి గింజుకోవడం మొదలుపెట్టాడు. వాడు గింజుకుంటే దున్న మళ్లీ బెదిరింది.

పిడికిలి ఆపేశాడు. ఆపితే వెనకవి కదిలాయి. వాడికి జోల ఊదకూడదు, వాటికి ఊదకపోతే కుదరదు. ఒక్క క్షణం గొట్టం పెదవి మీద ఊరికే ఉండిపోయింది. అప్పుడు భుజం దించాడు. పొట్ట నిండా గాలి తీసుకుని, ఒకే స్వరం పట్టాడు. సన్నగా, మెలికలు లేకుండా, ఎక్కడికీ వెళ్లకుండా.

పాత ఎముక అతుకు దగ్గర మంట లేచింది. స్వరం వణికింది, నిలదొక్కుకుంది. గుక్క అయిపోయేలోపు ముక్కుతో ఇంత గాలి దొంగిలించి మళ్లీ అదే స్వరం. కళ్లు మూయలేదు. ముట్టె చీలిన దున్న తల నెమ్మదిగా కిందికి దిగింది. దాని డొక్క ఒకసారి నిండి, ఖాళీ అయింది. అది ఖాళీ అయినప్పుడు దానికీ కమ్మీలకూ మధ్య అరచేతి మందాన చోటు వచ్చింది. బామ్మర్ది కూడా గింజుకోవడం ఆపాడు. కింది కమ్మీ దగ్గర నేలమీద పడుకున్న ఇద్దరు పనివాళ్లు వాడి కాళ్లు పట్టుకున్నారు. మళ్లీ డొక్క ఖాళీ అయినప్పుడు లాగారు. చెయ్యి కమ్మీకి తట్టుకున్నప్పుడు వాడు పెట్టిన కేక వీధిదాకా వినపడింది. కానీ కేక పెట్టాడంటే ఊపిరి ఉందన్నమాట.

వాణ్ణి తడక మీద పడుకోబెట్టి తీసుకుపోయారు. పిడికిలి వెంట పరుగెత్తబోతే సూపర్‌వైజరు చెయ్యి పట్టుకున్నాడు.

"వాళ్లు చూసుకుంటారులే. నువ్వు ముందు ఊదు. ఈ లాటు పెట్టెలోకి పోవాలి. నీ పాట ఉంటే చాలు, ఇంకెవరూ అక్కర్లేదు."

పిడికిలి చెయ్యి లేచింది. అందరూ సూపర్‌వైజరు పళ్లు లెక్కపెట్టుకోవడానికి సిద్ధమయ్యారు. కానీ ఇన్నాళ్లూ వెదురు మీద విప్పి విప్పి అలవాటైన వేళ్లు సమయానికి ముడుచుకోలేదు. చెయ్యి తెరుచుకునే వెళ్లి చెంప మీద పడింది. అంత కోపంలోనూ పిడికిలి తన చేతిని తనే ఆశ్చర్యంగా చూసుకున్నాడు. సూపర్‌వైజరు గోడకు కొట్టుకుని, నిలదొక్కుకుని, నోట్లో నాలుకతో తడుముకుని, అన్ని పళ్లూ ఉన్నాయని తెలిశాక తిట్టడం మొదలుపెట్టాడు.

ముట్టె చీలిన దున్న ఇంకా సందులో అడ్డంగానే నిలబడి ఉంది. దాన్ని ఇక నడిపించడం కుదరదు. పిడికిలి అరుగు ఎక్కి బామ్మర్ది తుపాకీ తీసుకున్నాడు. అది తల ఎత్తి అతని నోటి వైపు చూసింది. వేణువు నడుముకు దోపే ఉంది. తియ్యలేదు. "ఇదిగో, ఇది తుపాకీ" అన్నాడు దానితో, మనిషితో చెప్పినట్టు. అది బెదిరి తల విసిరింది. మొదటి దెబ్బ గురి తప్పింది. రెండోది పట్టేదాకా అది అరిచిన అరుపు అతను పూర్తిగా విన్నాడు.

చెంపదెబ్బ తర్వాత అతన్ని దొడ్డిలోంచి తీసేసి మళ్లీ కత్తి దగ్గరే పెట్టారు. ఊపిరి సరిపోతోంది. సందులోకి కర్రలు తిరిగి వచ్చాయి. కత్తి దగ్గరికి ఇప్పుడు వచ్చే దున్నల వీపుల మీద వాతలు కనపడతాయి. చూసినప్పుడల్లా అతను పళ్లు బిగిస్తాడు, గొంతు కోస్తాడు. ఏది మేలో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేడు.

బామ్మర్ది ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం ముందుగదిలో మంచం వేశారు. చేతికి ఇనుప చువ్వలు, ఛాతీకి పట్టీ. నొప్పికి నిద్ర రాక మూలుగుతుంటే అత్తగారు అలవాటుగా వేణువు తీసి జోల ఎత్తుకుంది. వాడు మంచం పట్టీ గట్టిగా పట్టుకుని గోడ వైపు తిరిగాడు. ఉయ్యాల్లో ఉన్న పసివాడు మాత్రం పాట విని కాళ్లు ఆడించాడు.

ఆవిడ సగంలో ఆపేసింది. తను కట్టిన పాట తన కొడుక్కే పనికిరాకుండా పోయిందని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. వేణువును ఒళ్లో పెట్టుకుని, కొడుకు వీపు చూస్తూ కూర్చుంది. గుమ్మంలో నిలబడ్డ అల్లుడు ఆవిడ తిడుతుందనీ, ఇంకో గ్లాసు వస్తుందనీ ఎదురు చూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"చూడలేదు అత్తయ్యా," అన్నాడు చివరికి. "కళ్లు మూసుకున్నాను. మీరు చూడమన్న పనొక్కటే చెయ్యలేదు."

ఆవిడ వేణువును చీరతో తుడిచి అతని వైపు చాపింది.

"పాట వద్దు. ఆ ఒక్క స్వరమే ఊదు."

అతను మంచం కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాడు. మొదటి స్వరం గాలి ఎక్కువై బొంగురుగా వచ్చింది. బామ్మర్ది వీపు బిగుసుకుంది. రెండోది ఇంకొంచెం సన్నగా వచ్చింది. వాడు వింటున్నాడు, ఇది ఎక్కడికి వెళ్తుందోనని కాచుకుని వింటున్నాడు. అది ఎక్కడికీ వెళ్లలేదు.

"బావా," అన్నాడు వాడు గోడతోనే, "కళ్లు తెరిచే ఉన్నావా?"

పిడికిలి ఊదుతూనే తల ఊపాడు. వాడికి కనపడదని గుర్తొచ్చి, ఆపి, "ఉన్నాన్రా" అన్నాడు.

"భుజం దించు," అంది అత్తగారు.